పక్క చేను అమ్మకానికొచ్చింది, కొనాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా భూమి ధరల గురించే. మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేర్లు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పద్మనాభం మండలం. రెండున్నర ఎకరాల సొంత పొలం ఉంది. వంగ, బెండ, ఆనప, దొండ వేస్తాం. తెల్లవారుజామున ఆటోలో ఎంవీపీ కాలనీ రైతు బజారుకి తెచ్చి నేనూ మా ఆవిడా అమ్ముకుంటాం. మంచి ఏడాదైతే ఎకరానికి ఖర్చులు పోను 80 వేలు మిగులుతుంది. మా చేను పక్కనే 60 సెంట్లు వరసకి మామయ్య అయ్యే ఆయనది. తొమ్మిదేళ్ళుగా అది నేనే కౌలుకి చేస్తున్నాను, ఏడాదికి 9 వేలు ఇస్తాను. ఇప్పుడు కూతురి పెళ్ళని అమ్మేస్తానంటున్నాడు. సెంటు 70 వేలు, మొత్తం 42 లక్షలు చెప్తున్నాడు. 1996లో మా నాన్న ఇదే గట్టు పక్కన ఎకరం 22 వేలకి కొన్నాడు మాస్టారూ. నా దగ్గర ఇంటి స్థలం వాటా అమ్మిన 22 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. మా ఆవిడ బంగారం మీద 8 లక్షలు వస్తుంది. మిగతాది రూపాయిన్నర వడ్డీకి ఇస్తానని ఒకాయన అంటున్నాడు. అబ్బాయి బీటెక్ మూడో ఏడాది, అమ్మాయి పదో తరగతి. "ఇప్పుడు వదిలేస్తే జన్మలో కొనలేవు, వైజాగ్ వాళ్ళెవరో కొని కంచె వేసేస్తారు" అని మా బావమరిది అంటున్నాడు. మా ఆవిడ వద్దంటోంది. బోరు ఆ చేలోనే ఉంది, మా చేలోకి బండి వెళ్ళేదీ అటు నుంచే. డాక్యుమెంటులో 15 లక్షలే చూపిద్దామంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం మూడు సార్లు చదివాను. ధర గురించి, అప్పు గురించి, బావమరిది మాట గురించి బోలెడు రాశారు గానీ, బోరు ఆ చేలోనే ఉంది, బండి వెళ్ళేదీ అటు నుంచే అన్న మాట మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు సంగతి అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. దానికి తర్వాత వస్తాను, ముందు లెక్క చూద్దాం.

42 లక్షలతో అయిపోదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి మన రాష్ట్రంలో నూటికి ఏడున్నర. అంటే ఇంకో 3 లక్షల 15 వేలు. మొత్తం 45 లక్షల 15 వేలు. మీ 22, బంగారం మీద 8 పోను 15 లక్షల 15 వేలు బయట తేవాలి. రూపాయిన్నర వడ్డీ అంటే చెవికి చిన్నగానే వినిపిస్తుంది, ఏడాదికి నూటికి 18 అది. ఒక్క ఆ అప్పు మీదే ఏడాదికి 2 లక్షల 73 వేలు. బంగారం అప్పు తొమ్మిది శాతం అనుకున్నా ఇంకో 72 వేలు. రెండూ కలిపి దాదాపు మూడు లక్షల నలభై అయిదు వేలు, అదీ వడ్డీ మాత్రమే, అసలు ఒక్క రూపాయి తీరకుండా. మీ సొంత రెండున్నర ఎకరాలు మంచి ఏడాది మిగిల్చేది రెండు లక్షలు. బ్యాంకులో ఉన్న 22 లక్షల మీద ఆరున్నర శాతం లెక్కన వచ్చే లక్షా నలభై మూడు వేలు కూడా ఆగిపోతాయి, ఇది ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఇంకొకటి. ఆ 60 సెంట్లలో మీరు తొమ్మిదేళ్ళుగా పండిస్తూనే ఉన్నారు కదా. అక్కడి దొండ పందిరి మీద వచ్చే డబ్బు ఇప్పటికే మీ ఇంటికి వస్తోంది. కొన్న తర్వాత కొత్తగా ఒక్క కాయ కూడా ఎక్కువ కాయదు. మీకు కొత్తగా మిగిలేది మామయ్యకి ఇచ్చే 9 వేల కౌలు, అంతే. ఏడాదికి 9 వేలు మిగలడానికి 45 లక్షలు పెడుతున్నారు. 42 లక్షలని 9 వేలతో భాగిస్తే 466 ఏళ్ళు వస్తుంది తమ్ముడూ. కాగితం మీద మీరే వేసి చూడండి.

మరి ధర ఎందుకింత ఉంది అంటారా, అది పంట ధర కాదు గనక. ఒకవైపు భోగాపురం విమానాశ్రయం, ఇంకోవైపు అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఆరు వరసల రోడ్డు, 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన, దానితో పాటు ఆనందపురం మండలం తర్లువాడ పేరు పేపర్లలోకి రావడం. వీటన్నిటి ధర అది. మీ చేను మట్టి 1996లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, చుట్టూ కబురు మారింది. కబురు మీద పెరిగిన ధర కబురు మీదే ఆగుతుంది కూడా. నేను బ్యాంకులో పంట రుణాలు చూసే రోజుల్లో, 2006, 2007లో, భీమిలి, ఆనందపురం వైపు ఇలాంటి పరుగే చూశాను. 2008 చివరికి వచ్చేసరికి కొనేవాళ్ళు కనిపించకుండా పోయారు, అడ్వాన్సులిచ్చిన వాళ్ళు మిగతా డబ్బు కట్టలేక, ఇచ్చింది వెనక్కి రాక తిరిగారు. 2019 డిసెంబరులో రాజధాని మాట రాగానే మళ్ళీ అదే ఊపు, తర్వాత ఏమైందో మీకూ తెలుసు. ధర ఇక పెరగదని నేను అనడం లేదు. పెరగవచ్చు. కానీ పెరిగిన ధర అమ్మినవాడికే చేతికొస్తుంది. మీరు ఆ చేను అమ్ముతారా? మీ ఉత్తరం చదివితే అమ్మే మనిషిలా లేరు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. నాకప్పుడు పదమూడేళ్ళు. మా గరువు పక్కనే 70 సెంట్ల జీడి తోట అమ్మకానికొచ్చింది. నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నాడు. రిజిస్ట్రేషన్ రోజు సాయంత్రం నన్ను తీసుకెళ్ళి నాలుగు మూలలా సర్వే రాళ్ళు చూపించాడు, ఒక రాయికి మట్టి అంటుకుని ఉంటే తువ్వాలుతో తుడిచాడు, ఆ తుడవడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వరసగా రెండేళ్ళు పూత మాడిపోయింది. అప్పిచ్చినాయన ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. ఒక్క మాట గట్టిగా అనేవాడు కాదు. అమ్మ కాఫీ ఇచ్చేది, తాగి వెళ్ళిపోయేవాడు. అలా ఒకటిన్నర ఏడాది అయ్యాక నాన్న పల్లంలో ఎకరం వరి భూమి అమ్మి అప్పు తీర్చాడు. కొన్న మెట్ట మిగిలింది, తిండి పెట్టే పల్లం పోయింది. ఆ తర్వాతి ఏడాది నుంచి మా ఇంట్లో బియ్యం కొనుక్కుని తిన్నాం. అమ్మ ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు గానీ, బియ్యం బస్తా ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ పెరట్లోకి వెళ్ళిపోయేది.

అందుకే చెప్తున్నాను, ఈ లెక్కతో ఆ 60 సెంట్లు మొత్తం కొనకండి. మీ ఆవిడ చెప్పిందే సరైన మాట. అబ్బాయి చదువు ఇంకా ఏడాది పైనే ఉంది, అమ్మాయి చదువు ఇప్పుడే మొదలు, ఆ 22 లక్షలకి పని ముందుంది.

కానీ ఊరుకోమని కూడా అనడం లేదు. బావమరిది చెప్పిన కంచె భయం ఉత్తది కాదు. రేపు నగరం నుంచి ఎవరో కొని నాలుగు వైపులా స్తంభాలు పాతి గేటుకి తాళం వేస్తే మీ బండి ఎటు నుంచి వెళ్తుంది? బోరు మోటారు స్విచ్ ఎవరి చేతిలో ఉంటుంది? మీకు నిద్ర పట్టనిది భూమి పోతుందని కాదు, దారీ నీళ్ళూ పోతాయని. ఆ రెంటినీ కాపాడుకోవడానికి 45 లక్షలు అక్కర్లేదు.

మామయ్యతో ఇంకా బేరం కుదరలేదు కాబట్టి ఈ వారమే వెళ్ళి కూర్చోండి. వెంట మీ ఆవిడని తీసుకెళ్ళండి, పెళ్ళి ఇంటి మాటలు ఆడవాళ్ళ మధ్య సులువుగా సాగుతాయి. మొత్తం కాకుండా బోరు ఉన్న పక్క, బండి బాట పడే మేర ఒక 15 సెంట్లు పొడవుగా మీకు ఇమ్మని అడగండి. అదే ధరకి అయినా పదిన్నర లక్షలు, రిజిస్ట్రేషన్ తో కలిపి 11 లక్షల 30 వేలకి కాస్త లోపు. అప్పు లేదు, బంగారం బీరువాలోనే ఉంటుంది, చేతిలో ఇంకా పదిన్నర లక్షల పైనే మిగులుతుంది. సర్వేయరు చేత కొలిపించి సబ్‌డివిజన్ చేయించాకే రాయించుకోండి. మిగతా 45 సెంట్లకి రోడ్డు వైపు దారి ఉంటే ఆయనకి వేరే కొనేవాళ్ళు దొరకడం కష్టం కాదు, ఆ మాట ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి.

దానికి ఒప్పుకోకపోతే, కనీసం దారి హక్కు రాయించుకోండి. ఎన్ని అడుగుల వెడల్పు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, బండి, ట్రాక్టరు వెళ్ళవచ్చని, మీ తర్వాత మీ పిల్లలకీ వర్తిస్తుందని, చిన్న పటం గీయించి రిజిస్టరు చేయించుకోండి, దానికి మామయ్యకి లక్షో రెండు లక్షలో ఇచ్చినా నష్టం లేదు. ఆయన అమ్మే డాక్యుమెంటులో కూడా ఈ దారి సంగతి రాయాలని పట్టుబట్టండి. ఇన్నాళ్ళూ నడుస్తున్నాం కదా అని ధీమాగా ఉండకండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్ళు ఎవరూ అడ్డుపెట్టకుండా, ఒకరి అనుమతితో కాకుండా హక్కుగా వాడిన దారికి రక్షణ ఉంది, ఒకప్పుడు ఒకే భూమిగా ఉండి విడిపోయాక వేరే దారే లేకుండా పోయిన చేనుకి కూడా ఉంది, కానీ అదంతా కోర్టులో సాక్షులతో తేల్చుకోవలసిన వ్యవహారం. పైగా మీరు తొమ్మిదేళ్ళుగా ఆ చేనుకే కౌలుదారు, కౌలుదారుగా నడిచావు గానీ హక్కుగా కాదని అవతలి వకీలు మొదటి రోజే అంటాడు. ఆ బాట మీ నాన్నగారి రోజుల నుంచీ ఉంటే పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురు చెప్పగలరేమో ఇప్పుడే కనుక్కోండి, ఎఫ్ఎంబీలో, అంటే సర్వే వాళ్ళ కొలతల పటంలో, బాట గుర్తు ఉందో లేదో కూడా చూడండి. నీళ్ళకి మాత్రం మీ సొంత చేలో బోరు వేసుకోవడమే మేలు, అనుమతి తీసుకుని, పాయింటు చూపించి. పక్కవాడి బోరు మీద ఎన్నాళ్ళుంటారు.

ఆ 15 లక్షల సంగతి. వద్దు. 27 లక్షలు నోట్ల కట్టల్లో చేతులు మారితే రేపు తగాదా వచ్చినప్పుడు మీరు ఇచ్చారనడానికి కాగితం ఉండదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టించే నిబంధన ఆదాయపన్ను చట్టంలో ఉంది, అది పడేది మామయ్య మీద, పెళ్ళి ఖర్చుల్లో ఉన్న మనిషి మీద. రేపెప్పుడైనా రోడ్డుకో దేనికో ప్రభుత్వం భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం కట్టేటప్పుడు చుట్టుపక్కల గత మూడేళ్ళలో రిజిస్టరైన ధరలు కూడా చూస్తారు. ఊరంతా తక్కువ రాసుకుంటే ఊరందరికీ తక్కువే వస్తుంది.

ఎంత కొన్నా సరే, మామయ్య అక్కచెల్లెళ్ళ సంతకాలు మరిచిపోకండి. తండ్రి నుంచి వచ్చిన భూమి అయితే వాళ్ళకీ వాటా ఉంటుంది, మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఈ హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది. వరసకి మామయ్యే కదా అని మొహమాటపడితే, పదేళ్ళ తర్వాత ఆ చెల్లెలి కొడుకు నోటీసు పంపుతాడు. ఊరు రీసర్వే అయి ఉంటే పాత సర్వే నంబరు కాకుండా రీసర్వేలో ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబరులో విస్తీర్ణం ఎంత పడిందో ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో చూడండి. మూడు సెంట్లు తగ్గినా ఈ ధరకి రెండు లక్షల పది వేలు.

మామయ్యతో మాట్లాడాక ఏమైందో రాయండి.

ప్రశ్న: నమస్తే అండీ. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మా వారిది ప్రైవేటు ఉద్యోగం. ఎస్.కోట వైపు ఒక కంపెనీ ఫామ్ ప్లాట్లు అమ్ముతోంది. పది సెంట్లు 9 లక్షలు. శ్రీగంధం మొక్కలు వేసి 12 ఏళ్ళు వాళ్ళే పెంచి, అమ్మి, సగం మనకిస్తారట. భూమి ఎలాగూ పెరుగుతుంది కదా అని నా ఆలోచన. మా అమ్మమ్మ వాళ్ళది వ్యవసాయ కుటుంబమే గానీ నాకు పొలం సంగతులు తెలియవు.

జవాబు: అమ్మా, పది సెంట్లకి 9 లక్షలంటే ఎకరం 90 లక్షలు. కంపెనీ వాళ్ళ కారులో కాకుండా ఒక ఆదివారం మీరిద్దరే బండి మీద వెళ్ళండి. ఆ వెంచరు గోడకి అవతల చేలో ఎవరైనా పని చేసుకుంటూ ఉంటారు, ఎకరం ఎంత నడుస్తోందని అడగండి, కొనడానికి వచ్చామని చెప్పకుండా అడగండి. రైతు చెప్పే ధరకీ ఈ ధరకీ మధ్య ఉన్న తేడా ఎవరి జేబులోకి వెళ్తుందో మీకే తెలుస్తుంది. ఇంత తేడాతో కొన్నాక, ధర పెరిగి మీరు కొన్న రేటుకి రావడానికే కొన్నేళ్ళు పడుతుంది.

శ్రీగంధం గురించి ఒక్క సంగతి. అది సొంతంగా బతికే చెట్టు కాదు, పక్క మొక్క వేళ్ళ నుంచి కొంత ఆహారం లాక్కుంటుంది. అందుకే చిన్నప్పుడు కంది, తర్వాత సరుగుడు లాంటివి పక్కన తప్పనిసరిగా ఉండాలి. మీరు వెళ్ళినప్పుడు చూడండి, గంధం మొక్కలు మాత్రమే వరసగా, చుట్టూ నున్నగా దున్నిన నేల ఉంటే, వేసినవాళ్ళకి ఆ చెట్టు గురించి తెలియదు, లేదా పట్టించుకోలేదు. పైగా చెట్టు లోపల చేవ పట్టి బరువు రావడానికి 12 ఏళ్ళు చాలవు, చాలా చోట్ల 15 పైనే పడుతుంది, ఆ వయసుకి వచ్చిన తోటకి రాత్రింబవళ్ళు కాపలా కావాలి, దొంగలకి దాని వాసన ముందు తెలుస్తుంది. 12 ఏళ్ళ తర్వాత ఆ కంపెనీ ఉంటుందా, ఉన్నా ఫోన్ ఎత్తుతుందా అన్నది మీరు ఆలోచించుకోవలసిన మాట.

రిజిస్ట్రేషన్ అవుతుంది కదా అని వాళ్ళు చూపిస్తారు. అవుతుంది. కానీ మీ పది సెంట్ల నుంచి పెద్ద రోడ్డు దాకా ఉన్న మట్టి బాట ఎవరి పేరున ఉంది? లేఅవుట్ అనుమతి తీసుకున్న చోటైతే రోడ్లు స్థానిక సంస్థకి రాసివ్వాలి, ఇక్కడ వ్యవసాయ భూమిగానే ముక్కలు చేసి అమ్ముతున్నారు కాబట్టి అలా జరగదు, బాట కంపెనీ పేరునో పాత రైతు పేరునో ఉండిపోతుంది. పైన తమ్ముడి ఉత్తరంలో దారి తగాదా చదివారు కదా, మీది కూడా అదే. అక్కడ ఇల్లు కట్టుకుందామన్నా ప్లాను అనుమతి రాదు.

నిజంగా భూమి మీద ఇష్టం ఉంటే తొందర లేదు. మీ అమ్మమ్మ గారి ఊళ్ళో తెలిసిన రైతు ఎవరైనా అరెకరం అమ్ముతుంటే చూడండి. అప్పుడు కూడా ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, 30 ఏళ్ళది తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు, వకీలుకి చూపించి, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఎ నిషేధిత జాబితాలో లేదని చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి. కొంటే నెలకొకసారైనా వెళ్ళగలిగే దూరంలో కొనండి. గట్టు ఏడాదికి ఒక అడుగు జరిగినా చూసే మనిషి లేకపోతే తెలియదమ్మా, నేను ఎన్ని కేసులు చూశానో.

ప్రశ్న: సార్, గాజువాకలో ఉంటాను, రిటైరయ్యాను. అరకు దగ్గర ఎకరం 6 లక్షలకే వస్తుందంటున్నారు, కాఫీ మొక్కలతో సహా. రిజిస్ట్రేషన్ లేదు, స్టాంపు కాగితం మీద రాసిస్తారట. వైజాగ్ చుట్టూ ధరలు చూసి అక్కడే నయమనిపిస్తోంది.

జవాబు: వద్దు సార్. మీరు గిరిజనులు కాకపోతే అక్కడ మీరు భూమి కొనలేరు. 1959లో వచ్చి 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన, జనం 1/70 అనేది అదే, ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీ చేయడాన్ని చెల్లకుండా చేసింది, అమ్మేది ఇంకో గిరిజనేతరుడైనా సరే చెల్లదు. అందుకే వాళ్ళు రిజిస్ట్రేషన్ మాట ఎత్తకుండా స్టాంపు కాగితం అంటున్నారు. స్థానికుల పేరున కొని మనం అనుభవిద్దామనే సలహా కూడా ఎవరో ఇస్తారు, అదీ చెల్లదు. ఆ చట్టం వచ్చిందే మనలాంటి మైదాన ప్రాంతం వాళ్ళ చేతుల్లోకి గిరిజనుల కొండ పొలాలు జారిపోతున్నాయని. అక్కడి రైతుకి ఆ ఎకరం తప్ప ఇంకోటి ఉండదు సార్, ధర తక్కువగా ఉండటానికి కారణం కూడా అదే, బయటివాడు కొనలేడు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి, ఇచ్చి ఉంటే ఎవరికి ఎంత ఎప్పుడు ఇచ్చారో, ఏ ఖాతా నుంచి వెళ్ళిందో రాసి పంపండి, వెనక్కి రాబట్టుకునే దారి ఏమైనా ఉందేమో చూద్దాం.